చేతులు కడగడం మానొద్దు, సబ్బు ఎక్కడ కావాలో చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: చిత్తూరులో మీరూ మీ అత్తగారూ కలిసి టిఫిన్ అంగడి నడుపుతున్నారు. తెల్లవారుజామున మొదలుపెడితే పదకొండు దాకా చేతులు నీళ్లలోనే ఉంటాయి. కొన్ని నెలలుగా వేళ్ల సందుల్లో ఎరుపు, చేతుల వెనక పొలుసులు, కణుపుల మీద పగుళ్లు. ఎర్రకారం తగిలితే కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. రాత్రిపూట కొబ్బరినూనె రాస్తున్నారు. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే వారంలో తగ్గుతోంది, ఆపగానే మళ్లీ వస్తోంది. చేతులు కడగడం తగ్గించాలా, లేక మంచి క్రీమ్ ఏదైనా ఉందా అన్నారు.

నేను తిరుపతిలో చాలా ఏళ్లు వార్డు నర్సుగా చేసి, తర్వాత ఇన్ఫెక్షన్ కంట్రోల్ పని చూశాను. కొత్తగా డ్యూటీలో చేరిన నర్సు పిల్లల చేతులు కొన్నాళ్లకు అచ్చం మీరు చెప్పినట్టే తయారవుతాయి. వాళ్లకు చెప్పిందే మీకూ చెప్తాను. తిండి అమ్మేవాళ్లు చేతులు కడగడం తగ్గించకూడదు. తగ్గించాల్సింది సబ్బు, వేడినీళ్లు, అనవసరంగా తడిసే సందర్భాలు. ఈ మూడూ సర్దుకోకుండా ఎంత ఖరీదైన క్రీమ్ కొన్నా డబ్బు దండగే.

ముందు టెన్షన్ ఒకటి తీసేస్తాను. మీరు చెప్పిన గుర్తులను బట్టి ఇది గజ్జిలా లేదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదిలా కూడా లేదు. డాక్టర్లు దీన్ని ఇరిటెంట్ కాంటాక్ట్ డెర్మటైటిస్ అంటారు, అంటే ఘాటైనవి పదేపదే తగిలి చర్మం దెబ్బతినడం. చర్మం పైపొరలో కణాల మధ్య సిరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు అనే కొవ్వు పదార్థాలు ఉంటాయి. లోపలి తేమ బయటికి పోకుండా, బయటి ఘాటు లోపలికి రాకుండా ఆపేవి అవే. గిన్నెకు అంటిన నూనె, మీ చర్మంలోని కొవ్వు, ఈ రెండిటికీ సబ్బు తేడా చూడదు. రెండింటినీ ఊడ్చుకుపోతుంది. దోసె పెనాన్ని మీరు సబ్బు పెట్టి తోమరు కదా. తోమితే దానికి పట్టిన నూనె పోయి, తర్వాత పోసిన దోసె అంటుకుంటుంది. చేతి చర్మం సంగతీ అంతే.

ఇంకో చిక్కుంది. ఒంట్లో మిగతా చోట్ల చర్మం కింద నూనె గ్రంథులు ఉంటాయి, పోయిన జిడ్డును కొంతైనా తిరిగి ఇస్తాయి. అరచేతుల్లో అవి అసలు లేవు. చేతి వెనక భాగంలో, వేళ్ల సందుల్లో చర్మం పల్చన, పైగా సబ్బు సరిగ్గా కడుక్కుపోని చోటు అదే. అందుకే ఎరుపు మొదట సందుల్లో, ఉంగరం కింద కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మం కొంచెం పులుపు వైపు ఉంటుంది, దాన్ని కొలిచే పీహెచ్ అంకె 5కి అటూ ఇటూ. మామూలు సబ్బుది 9 నుంచి 10, అంటే క్షారం వైపు. కడిగాక చర్మం మళ్లీ తన స్థితికి రావడానికి టైమ్ పడుతుంది. మీరేమో అది తేరుకునేలోపే మళ్లీ సబ్బు రుద్దుతున్నారు.

రోజుకు 2 గంటలకు మించి చేతులు తడిలో ఉన్నా, 20 సార్లకు మించి కడిగినా చర్మానికి ముప్పు ఉన్న పనిగా వృత్తి ఆరోగ్య నిపుణులు లెక్కేస్తారు. మన జిల్లాల్లో ఈ లెక్కలోకి వచ్చేవాళ్లు ఎంతమందో చూడండి. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు తీసే క్షురకులు, పాడి పశువులు పెట్టుకున్న రైతులు, శ్రీకాళహస్తిలో కలంకారీ బట్ట ఉతికేవాళ్లు, మామిడి సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీల్లో తోతాపురి కాయలు కడిగి కోసేవాళ్లు. మామిడి వాళ్లకు సొన గొడవ కూడా తోడవుతుంది. అది వేరే జబ్బు, నిజమైన అలర్జీ. జీడిమామిడి, మామిడి ఒకే కుటుంబం చెట్లు కాబట్టి మామిడి సొనలోనూ జీడిలో ఉన్నలాంటి ఘాటే ఉంటుంది.

ఇప్పుడు మీ అంగడికి వద్దాం. ఒక రోజు పొద్దున కూర్చుని, ఎందుకు కడుగుతున్నారో గమనించండి. ఎన్నిసార్లు అన్నది తర్వాత. పిండి అంటిందని, చట్నీ అంటిందని, డబ్బులు ముట్టుకున్నామని, ఎర్రగడ్డలు కోశామని, బోకులు తోమామని, టేబుల్ తుడిచామని. వీటిలో సబ్బు తప్పనిసరి అయ్యేవి కొన్నే: పని మొదలుపెట్టే ముందు, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, పచ్చి గుడ్లో మాంసమో ముట్టుకున్నాక, ముక్కు చీదినా తుమ్మినా, చెత్త బుట్ట, ఎంగిలి ప్లేట్లు, టేబుల్ గుడ్డ ముట్టుకున్నాక, వండింది చేత్తో వడ్డించబోయే ముందు. ఇడ్లీ పిండో, దోసె పిండో అంటితే నీళ్లతో కడిగితే పోతుంది. దానికి సబ్బెందుకు?

అసలు పిండి చేత్తో కలపడమే మానండి, గరిటె వాడండి. పులిసిన పిండిలో ఆమ్లం ఉంటుంది, పగుళ్లకు తగిలితే మంట అందుకే. మన పక్క చేత్తో కలిపితేనే పిండి బాగా పొంగుతుందని గట్టి నమ్మకం. పులియబెట్టే బ్యాక్టీరియా మినప్పిండిలో ఎలాగూ ఉంది, మన దగ్గర ఉన్న వెచ్చదనం దానికి చాలు. మీ చేతులు మానేదాకా గరిటెతో కలిపినా ఇడ్లీ గట్టిపడదు.

డబ్బుల సంగతి చాలా ముఖ్యం. చిన్న అంగళ్లలో ఎక్కువసార్లు చేతులు కడగాల్సి వచ్చేది నోట్లు, చిల్లర వల్లే. క్యూఆర్ కోడ్ బోర్డు ముందు పెట్టి, నగదు ఇచ్చేవాళ్లకు ఒక డబ్బా పెట్టండి. లేదా మీ ఇద్దరిలో ఒకరు డబ్బులు, ఒకరు వడ్డన అని పంచుకోండి, మరుసటి రోజు మార్చుకోండి. ఇడ్లీ, వడ తీయడానికి పట్టకారు. ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు పూటకు కావలసినవన్నీ ఒకేసారి కోసేసుకుంటే ఆ పనికి ఒకసారే చేతులు కడుగుతారు. బోకులు కూడా ఒక్కొక్కటీ వెంటవెంటనే తోమకుండా పోగేసి ఒకే విడతలో. ఇలా సర్దితేనే సబ్బు పెట్టే సార్లు బాగా తగ్గుతాయి, శుభ్రం ఏమీ తగ్గదు.

సబ్బు గురించి. అంట్లు తోమే బార్‌తోనో, లిక్విడ్‌తోనో చేతులు కడుగుతున్నట్టయితే ఈరోజే ఆపండి. అంగళ్లలో సింకు దగ్గర ఉండేది అదే కాబట్టి అందరూ చేసే పనే ఇది. మాడిన నూనెను ఊడదీయడానికి చేసిన సరుకు అది. చేతులకు విడిగా ఒకటి పెట్టుకోండి. మందుల షాపులో సబ్బు లేని బార్, సిండెట్ బార్ అని అడిగితే ఇస్తారు, పీహెచ్ చర్మానికి దగ్గరగా ఉంటుంది. ధర ఎక్కువ, కానీ చేతులకు మాత్రమే వాడితే చాలా రోజులు వస్తుంది. అది కుదరకపోతే వాసన తక్కువున్న మామూలు హ్యాండ్‌వాష్ లిక్విడ్. బిళ్ల సబ్బే కావాలంటే కవరు మీద టీఎఫ్ఎం (సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం) అంకె చూడండి. భారత ప్రమాణాల ప్రకారం మొదటి గ్రేడ్ టాయిలెట్ సబ్బులో అది కనీసం 76 శాతం ఉండాలి. ‘బేతింగ్ బార్’ అని రాసి ఉన్నవాటిలో ఇంకా తక్కువ ఉండొచ్చు. అంకె పెద్దదైనంత మాత్రాన సబ్బు క్షారగుణం పోదు, అది గుర్తుంచుకోండి.

క్రిములను చంపే ప్రత్యేక సబ్బు అని రాసినవాటి వెంట పడొద్దు. ఇలాంటి సబ్బుల్లో వాడే ట్రైక్లోసాన్‌తో పాటు మొత్తం 19 పదార్థాలను 2016లో అమెరికాలో ఆహారం, మందుల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ మామూలు జనం వాడే సబ్బుల్లోంచి తీసేయించింది. సాధారణ సబ్బు, నీళ్ల కంటే అవి మేలని కంపెనీలు చూపించలేకపోయాయి. డెట్టాల్ లాంటి యాంటిసెప్టిక్ బకెట్లో కలిపి చేతులు ముంచడం కూడా వద్దు. హోటళ్లలో అది చూస్తుంటాను. శుభ్రం పెరగదు, మంట పెరుగుతుంది.

నీళ్లు వేడిగా ఉంటే చర్మంలోని కొవ్వు ఇంకా తొందరగా పోతుంది. క్రిములు మాత్రం ఎక్కువ పోవు. చేతులు తట్టుకునేంత వేడి వాటిని చంపదు. చన్నీళ్లు, గోరువెచ్చనివి చాలు. పొద్దున నాలుగింటికి చన్నీళ్లంటే మార్గశిరంలో కష్టమే, ఒప్పుకుంటాను.

మీది బోరు నీళ్లని చెప్పారు. మన జిల్లాలో చాలా బోర్లు ఉప్పగా, బరువుగా ఉంటాయి. బిందె అడుగున తెల్లగా గార పేరుకుంటోందంటే మీదీ అదే. అందులోని కాల్షియం సబ్బుతో కలిసి ఒక తెట్టులా తయారై చేతి మీద ఉండిపోతుంది, కడిగినట్టే ఉంటుంది గానీ పోదు. నురగ రాలేదని ఇంకాస్త సబ్బు రుద్దుతాం. అంటే రెండు రకాల దెబ్బ. ఇలాంటి నీళ్లకు సిండెట్, లిక్విడ్ రకాలు నయం, వాటితో ఆ తెట్టు కట్టదు. మున్సిపల్ కుళాయి నీళ్లు మెత్తగా ఉంటే ఒక బిందె పక్కన పెట్టుకుని చివరి కడుగు దాంతో కానివ్వండి. వేళ్ల సందులు కడిగేటప్పుడు తొందర పడకండి. పని గంటల్లో ఉంగరం, గాజులు తీసి పెట్టండి. మంగళసూత్రం తీయమనలేదు, ఉంగరం తీయడానికి అత్తగారు ఏమీ అనరు.

తుడుచుకోవడం అందరూ తేలిగ్గా తీసేస్తారు. తడి చేతులు గాలికి ఆరనిస్తే, ఆరే నీళ్లతో చర్మంలోని తేమ కూడా కొంత పోతుంది. చీర కొంగుతోనో, టేబుల్ గుడ్డతోనో రుద్దొద్దు. మెత్తటి నూలు తువ్వాలు ముక్కలు నాలుగైదు ఉతికి పెట్టుకుని, అద్దినట్టు తుడవండి, సందులు కూడా.

ఇప్పుడు మీరు అడిగిన క్రీమ్. దీనికి బ్రాండ్ కంటే టైమ్ ముఖ్యం. తుడుచుకున్న వెంటనే, చర్మంలో ఇంకా చెమ్మ ఉండగానే రాయాలి. అర్ధగంట తర్వాత రాస్తే నిలబెట్టడానికి తేమే మిగలదు. కాబట్టి డబ్బా అలమారలో కాదు, కుళాయి దగ్గర ఉండాలి. అంగడి నడిచే గంటల్లో ప్రతిసారీ రాయడం కుదరదు, తిండికి అంటుతుంది కూడా. అందుకని మీకు నాలుగు సందర్భాలు సరిపోతాయి: పనికి అరగంట ముందు పల్చగా, అంగడి కట్టేశాక, మధ్యాహ్నం బోకుల పని అయ్యాక, పడుకునే ముందు మందంగా. చూపుడు వేలి చివరి కణుపు పొడవున పిండిన క్రీమ్ సుమారు అర గ్రాము, అది ఒక చేతికి రెండు వైపులా సరిపోతుంది. చాలామంది రెండు చేతులకూ కలిపి అందులో సగం కూడా రాయరు. అరచేతుల్లో మొదలుపెట్టొద్దు, చేతుల వెనక భాగం ఒకదానికొకటి రుద్దండి. చర్మం చెడింది అక్కడే.

ఏం రాయాలి? రాత్రికి తెల్ల వ్యాజిలీన్, అంటే వాసన లేని పెట్రోలియం జెల్లీ. చర్మం నుంచి తేమ ఆవిరవకుండా ఆపడంలో దానికి సాటి రాగలిగేవి తక్కువ. చవక, వాసన లేదు, అలర్జీ చాలా అరుదు. రాసుకుని పాత నూలు సాక్సులు చేతులకు తొడుక్కుని పడుకోండి. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. పగలు జిడ్డు తక్కువుండే, గ్లిజరిన్ ఉన్న, సెంటు లేని క్రీమ్. కొబ్బరినూనె మంచిదే, మానక్కర్లేదు, పొడిబారిన చర్మాన్ని మెత్తబరుస్తుంది. అయితే తేమను పట్టి ఉంచడంలో వ్యాజిలీన్‌కు సరిరాదు. మీరు ఎండిన చేతులకు రాస్తున్నట్టున్నారు, చెమ్మ మీద రాసి చూడండి. ఒట్టి గ్లిజరిన్ నేరుగా పూయొద్దు, నీళ్లు కలిపి పల్చన చేసుకోండి. యూరియా ఉన్న క్రీములు మందంగా గట్టిపడిన చర్మానికి బాగుంటాయి, కానీ పచ్చి పగుళ్ల మీద భగ్గుమంటాయి. పగుళ్లు పూడుకున్నాకే వాడండి.

నిమ్మచెక్క రుద్దమని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వద్దు. పులుపు మంట సరే, నిమ్మరసం అంటిన చర్మం మన ఎండకు చూపిస్తే బొబ్బలెక్కి నల్లమచ్చలు పడతాయి.

గ్లౌజులు వాడొచ్చా అంటే, బోకులకు తప్పకుండా వాడండి. లోపల పల్చటి నూలు గ్లౌజు, పైన రబ్బరుది. పావుగంట, ఇరవై నిమిషాలకు చెమట పడుతుంది. అప్పుడు తీసి, నూలుది మార్చుకోవాలి. లోపల తడిసిన గ్లౌజు వేసుకోవడం కంటే ఒట్టి చేతులే నయం. తడి చేతులకు తొడగడం, చిరిగినదాన్ని పర్వాలేదులే అని వాడటం రెండూ కూడదు. నేల కడిగే ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్, బట్టల సోడా ఒట్టి చేత్తో ముట్టొద్దు, మానిన తర్వాత కూడా. గ్లౌజు వేసుకున్నాక మణికట్టు దగ్గర కొత్తగా దురద, దద్దు వస్తే రబ్బరు పడటం లేదేమో చూడాలి, వినైల్ రకానికి మారండి.

తెల్లగడ్డ విషయంలో మాత్రం గ్లౌజును నమ్ముకోవద్దు. ఎడమచేతి బొటనవేలు, చూపుడు, మధ్యవేలు కొసలు మాత్రమే పగిలి గట్టిపడితే అది సబ్బు వల్ల కాకపోవచ్చు. కుడిచేత్తో కత్తి పట్టేవాళ్లు తెల్లగడ్డ పాయను పట్టుకునేది ఆ మూడు వేళ్లతోనే. అందులోని డైఅల్లైల్ డైసల్ఫైడ్ అనే పదార్థానికి అలర్జీ వస్తుంది, అది చాలా రకాల గ్లౌజుల్లోంచి కూడా దిగుతుంది. చట్నీలకు రోజూ తెల్లగడ్డలు వలిచేవాళ్లలో ఇది చూస్తాం. అలా ఉంటే కొన్ని వారాలు ఆ పని ఇంకొకరికి అప్పగించి చూడండి. కొసలు మానితే కారణం దొరికినట్టే.

శానిటైజర్ గురించి జనంలో తప్పు అభిప్రాయం ఉంది, చేతులు ఎండగొట్టేది అదేనని. ఆసుపత్రి అనుభవం వేరు. చేతులకు కంటికి కనబడే మురికి లేనప్పుడు, సబ్బుతో మాటిమాటికీ కడగడం కంటే గ్లిజరిన్ కలిపిన ఆల్కహాల్ రబ్ చర్మానికి తక్కువ కీడు చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన తయారీ సూత్రంలో 80 శాతం ఇథనాల్ అనే ఆల్కహాల్‌తో పాటు 1.45 శాతం గ్లిజరాల్ (గ్లిజరిన్) ఉన్నది అందుకే. రాస్తే మండుతోందంటే చర్మం అప్పటికే పగిలి ఉందని అర్థం, ఆ పగులు తెచ్చింది సాధారణంగా సబ్బే. నోట్లు ముట్టుకున్నాక, చేతులు పొడిగా, శుభ్రంగా ఉంటే అది వాడొచ్చు, పూర్తిగా ఆరాకే వడ్డన, పొయ్యి దగ్గర అసలే వద్దు. పిండి, నూనె అంటిన చేతులకు అది పనిచేయదు. మరుగుదొడ్డి తర్వాత సబ్బే. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ లాంటివాటి మీద దాని బలం తక్కువ. సబ్బుతో కడిగి వెంటనే శానిటైజర్ కూడా రాయడం చర్మాన్ని రెండుసార్లు కొట్టడమే.

ఆ ట్యూబు మాట. పేరు రాయలేదు గానీ, వారంలో తగ్గి ఆపగానే తిరగబెట్టిందంటే అందులో స్టెరాయిడ్ ఉందని దాదాపు చెప్పొచ్చు. ట్యూబు వెనక క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్ లాంటి పేరు ఉందేమో చూడండి. మన షాపుల్లో దానితో పాటు ఫంగస్ మందు, యాంటీబయోటిక్ కలిపిన మిశ్రమాలు అడిగినవాళ్లకల్లా ఇచ్చేస్తారు, చీటీ కూడా చూడరు. స్టెరాయిడ్ చెడ్డది అనను. డాక్టరు చూసి, ఇన్ని రోజులు, రోజుకు ఇన్నిసార్లు అని రాసిస్తే వాపు, దురద తగ్గించడంలో బాగా పనిచేస్తుంది. నెలల తరబడి సొంతంగా రాస్తే మాత్రం చర్మం పల్చబడి, సబ్బు దెబ్బకు ఇంకా లొంగిపోతుంది. ఒకవేళ లోపల ఫంగస్ ఉంటే దాని రూపం మార్చేసి, డాక్టరుకు కూడా గుర్తుపట్టడం కష్టం చేస్తుంది.

పగుళ్లు తెరుచుకుని ఉన్నంత కాలం ఇంకో సంగతి మీ గిరాకీల కోసం. అలాంటి పగుళ్లలో స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా చేరుతుంది. అది తిండిలో పడి పెరిగితే వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు, తిన్న కొన్ని గంటల్లో వాంతులు. కాబట్టి పగులు మీద తడవని బ్యాండేజీ, దాని మీద గ్లౌజు వేసుకుని వడ్డించండి. చీము పట్టిందంటే వండిన తిండిని ఆ చేత్తో ముట్టొద్దు, చట్నీ రుబ్బొద్దు.

ఇవన్నీ మొదలుపెడితే నాలుగైదు రోజుల్లో మంట తగ్గుతుంది. ఎరుపు పోగానే చాలామంది క్రీమ్ ఆపేస్తారు. పైకి బాగున్నట్టు కనిపించినా లోపలి రక్షణ పొర పూర్తిగా కుదురుకోవడానికి వారాలు పడుతుంది. మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. కనీసం రెండు నెలలు రాత్రి వ్యాజిలీన్ మానొద్దు.

మూడు వారాలు ఇలా చేసినా మార్పు లేకపోతే, వేళ్ల పక్కల సగ్గుబియ్యం గింజల్లాంటి నీటిపొక్కులు దురదతో లేస్తుంటే, గోళ్లు వంకరపోతుంటే, పసుపు పచ్చగా చెక్కు కడుతుంటే, ఒక్క చేతికే ఉండి రెండు పాదాల్లోనూ పొలుసులు ఉంటే (అది తరచుగా ఫంగస్) చర్మవ్యాధుల డాక్టరును కలవాలి. తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది. చిత్తూరులో అయితే ముందు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు మీరు వాడే సబ్బు, అంట్ల లిక్విడ్, గ్లౌజు, ఆ ట్యూబు, అన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి. అలర్జీ అని అనుమానం వస్తే ప్యాచ్ టెస్ట్ చేస్తారు, అంటే అనుమానం ఉన్న పదార్థాలను పట్టీలతో వీపు మీద అంటించి చూస్తారు. దానికి రెండు మూడు సార్లు తిరగాల్సి ఉంటుంది, వీపు తడపకూడదు, అంగడికి సెలవు చూసుకుని పెట్టుకోండి.

మీ అత్తగారికి షుగర్ ఉందని చివర్లో ఒక ముక్క రాశారు. ఆమె చేతులు కూడా పగిలి ఉంటే నేను పైన చెప్పిన మూడు వారాల గడువు ఆమెకు వర్తించదు. షుగర్ ఉన్నవాళ్లకు చిన్న పగులు కూడా త్వరగా చీము పట్టి, మానడానికి చాలా సమయం తీసుకుంటుంది. వేలు వాచినా, ఎరుపు మణికట్టు వైపు పాకుతున్నా, జ్వరం వచ్చినా అదే రోజు చూపించండి. ఇప్పటికి బోకుల పని ఆమె చేత చేయించకండి, గల్లా దగ్గర కూర్చోబెట్టండి.